జిల్లా దాటని వార్త

నిరుడు ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, కోదాడలో పాత విలేకరి జానయ్య గారి వసారాలో కూర్చుని దీవెనమ్మ ఒక పాత నోట్‌బుక్కులో అంటించిన వార్త చదివింది. ఒంటి కాలమ్ వార్త. కాగితం తేనె రంగుకు మారి, అంచులు పొడిపొడిగా రాలుతోంది. కళ్లద్దాలు సర్దుకుని, వేలు కింద పెట్టుకుని, ఒక్కో అక్షరం మీదుగా మెల్లగా జరిగింది. సగం దాటాక వేలు ఆగింది.

ఆమె వేలు ఆగిన చోట ఇలా ఉంది: "ఆకుపచ్చ చీర, పసుపు జాకెట్ ధరించి ఉంది. జాకెట్‌కు హుక్కులు లేవు. అయిదు ప్రెస్ బటన్లు, అన్నిటికంటే కింద ఒక తెల్ల చొక్కా గుండీ కుట్టి ఉన్నాయి."

పక్కనున్న సంచిలోంచి దీవెనమ్మ ఒక పాత జాకెట్టు తీసింది. దాన్ని విప్పి నోట్‌బుక్కు పక్కన పరిచింది. అయిదు ప్రెస్ బటన్లు. కింద ఒక చొక్కా గుండీ.

"ఇది మా చెల్లి చేతి పనండి," అంది.

జానయ్య గారు వంగి, ఆ గుండీలను వార్తతో పోల్చి చూశారు. ఆ తర్వాత, "నేను జూసింది రాసినమ్మా. ఇంతకంటె నాకు తెల్వదు," అన్నారు.

దీవెనమ్మ చెల్లెలు కరుణ కనిపించకుండా పోయి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. వాళ్ల ఊరు పెనుగంచిప్రోలుకు దగ్గర, మునేరు పక్కన. అక్కణ్ణుంచి కోదాడకు, జగ్గయ్యపేటలో బస్సు మారితే, ఎంత నిదానంగా వెళ్లినా రెండు గంటలు పట్టదు. ఆ వార్త మాత్రం ఆ దూరం దాటలేకపోయింది. అందుకు ఉన్న కారణాల్లో నేనొకణ్ణి.

విలేకరి పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు నన్ను అప్పుడప్పుడు అనుభవాలు చెప్పమంటుంటారు. ఏ మంత్రి సభకు వెళ్లానో, ఎప్పుడు స్టాఫ్ రిపోర్టర్నయ్యానో చెప్పడం వాళ్లకెందుకూ పనికిరాదు. ఈ ఒక్క సంగతి చెబితే చాలనుకుంటున్నాను. ఇందులో నేను గొప్పవాళ్లనుకునే ముగ్గురున్నారు. ఆ ముగ్గురిలో నేను లేను.

నాలుగు గంటల బస్సు

అప్పట్లో నేను జగ్గయ్యపేటలో కంట్రిబ్యూటర్ని, అంటే నెలజీతం లేని ఊరి విలేకరిని. వార్తలు తెల్ల కాగితాల మీద రాసి, కవర్లో పెట్టి, సాయంత్రం నాలుగు గంటలకు విజయవాడ వెళ్లే బస్సు కండక్టరుకు ఇచ్చేవాణ్ణి. విజయవాడ బస్టాండులో ఆఫీసు మనిషి అందుకునేవాడు. బస్సు తప్పిందంటే ఆ రోజు జగ్గయ్యపేటలో ఏమీ జరగనట్టే లెక్క. అందుకని మూడు గంటలకల్లా ఎక్కడున్నా రాసేసేవాళ్లం. మూడున్నరకు తెలిసినదాన్ని విచారించే వ్యవధి ఎవరికీ ఉండేది కాదు. ఉండేది కాదనడం కంటే, ఉండదని మేమే నిర్ణయించుకున్నామనడం నిజం.

ఆ రోజు నేను ఒక పోలీస్ స్టేషన్లో ఉన్నాను. ఏ స్టేషనో రాయను. ఇప్పుడక్కడ పనిచేస్తున్నవాళ్లకు దీనితో ఏ సంబంధమూ లేదు. ఒక పెద్దాయనా, ఆయన పెద్ద కూతురూ వచ్చి, ముందు రోజు ఉదయం జగ్గయ్యపేట వెళ్లిన చిన్నమ్మాయి కరుణ ఇంటికి రాలేదని చెప్పి కాగితం ఇచ్చి వెళ్లారు. పెద్ద కూతురే దీవెనమ్మ. అప్పుడు ముప్పై ఏళ్లుంటాయి. కరుణకు ఇరవై రెండు. నందిగామలో కుట్టుపని నేర్చుకుని, ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. పెళ్లి కాలేదు.

వాళ్లు గుమ్మం దాటగానే సబ్ ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

"ఏముందయ్యా, ఎవడితోనో హైదరాబాద్ బస్సెక్కి ఉంటది. నెల తిరక్కుండా ఇద్దరూ దండలేసుకుని మన దగ్గరికే వస్తారు చూడు."

నేను గడియారం చూసుకున్నాను. మూడు దాటింది. అక్కడే బల్ల మీద రాశాను. "ఓ యువకుడితో కలిసి హైదరాబాద్ బస్సు ఎక్కినట్లు తెలిసింది" అని.

ఎవరికి తెలిసింది? ఎలా తెలిసింది? మన పత్రికల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగరన్న ధైర్యం నాకుండేది. కానీ ఒకాయన అడిగారు. విజయవాడ డెస్కులో వార్తలు దిద్దే మూర్తి గారని ఉండేవారు. కోపిష్టి. నా వార్తల్లో సగం ఆయన బుట్టలోకే పోయేవి. సాయంత్రం ఆరింటికి, బస్టాండ్ పక్క మెడికల్ షాపుకు ఫోన్ చేసి నన్ను పిలిపించారు.

"ఈ పిల్ల బస్సెక్కడం చూసిందెవరు?"

"స్టేషన్ వాళ్లే సార్."

"స్టేషన్ వాళ్లు బస్టాండులో నిలబడి చూశారా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. కాదంటే వార్త పోతుంది. ఆ వారం నావి మూడు వార్తలు పోయాయి.

"ఆఁ సార్. ఒక కానిస్టేబుల్ చూశాడంట."

అది నేను మూర్తి గారికి చెప్పిన అబద్ధం. తెల్లారి మా జిల్లా అనుబంధంలో రెండు కాలమ్‌ల వార్త వచ్చింది. శీర్షిక చివర ఒక ప్రశ్నార్థకం పెట్టారు: ప్రేమ వ్యవహారమే కారణమా? అని. ప్రశ్నార్థకం పెడితే మన చేతికి మట్టి అంటదని ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. కరుణ వాళ్ల ఊళ్లో ఆ వార్త చదివినవాళ్లెవరూ దాన్ని ప్రశ్నగా చదవలేదు.

రెండు గుమ్మాల మధ్య

వార్త వచ్చిన మర్నాడు నేను బస్సు దగ్గర కవరు ఇస్తుంటే దీవెనమ్మ వచ్చింది. అరవలేదు, ఏడవలేదు.

"మా చెల్లి బస్సెక్కింది ఎవరు చూశారండి?"

"స్టేషన్లో చెప్పారమ్మా. అక్కడడుగు."

రెండు రోజులకు మళ్లీ వచ్చింది.

"స్టేషన్లో అడిగితే పేపర్లో వచ్చిందిగా అంటన్నారు. పేపర్ని అడిగితే స్టేషనంటన్నారు. ఇద్దర్లో ఒకళ్లన్నా చూసినోళ్లుండాలి కదండీ?"

ఆ తర్వాత నా ఉద్యోగకాలమంతటిలోనూ ఏ ఎడిటరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు. నేను స్టేషన్ మాటను వార్తగా రాశాను. స్టేషన్ నా వార్తను సాక్ష్యంగా తీసుకుంది. మా ఇద్దరి మధ్యా కరుణ బస్సెక్కడమనేది ఎవరూ చూడకుండానే నిజమైపోయింది. ఏడో తరగతితో చదువాపేసిన దీవెనమ్మకు అది నాలుగు రోజుల్లో అర్థమైంది. నాకూ అర్థమైంది. నేను బస్సుకు ఆలస్యమవుతోందని చెప్పి తప్పించుకున్నాను.

వాళ్లింట్లో దాని ఫలితం ఎలా ఉందో తర్వాతెప్పుడో తెలిసింది. వాళ్లది క్రైస్తవ కుటుంబం. కరుణ కనిపించకుండా పోయిన మొదటి ఆదివారం ఊరి చర్చిలో ఆమె క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించారట. రెండో ఆదివారానికి ఆ ప్రార్థన ఆగిపోయింది. ఎవరూ ఒక్క మాట అనలేదు, పేరు తీయడం మానేశారంతే. తండ్రి కూర్చునే చోటు మారింది. ముందు వరసలో ఉండే మనిషి తలుపు పక్కకు వచ్చాడు. కొన్నేళ్లకు ఆయన, తర్వాత తల్లి పోయారు. వాళ్లిద్దరికీ జ్ఞాపకార్థ కూడికలు, అంటే పోయినవాళ్లను తలుచుకునే ప్రార్థన సభలు, జరిగాయి. కరుణకు జరగలేదు. పారిపోయిన మనిషికి, ఎక్కడో బతికున్న మనిషికి కూడిక ఎలా పెడతారు?

దీవెనమ్మ అంగన్‌వాడీలో చేరింది. పెళ్లి చేసుకుంది, ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఏడాదికొకసారి మాత్రం నా దగ్గరికి వచ్చేది. అదే ప్రశ్న. నేను నందిగామ మారితే నందిగామ వచ్చేది. కంచికచర్లలో కొన్నాళ్లుంటే అక్కడికీ వచ్చింది. నేను రిటైరైన నెలలోనే జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చి, ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి అంది:

"ఇప్పుడు మీకు బస్సు టైమ్ అవదు కదండీ?"

ఆ రోజు చెప్పాను. ఎవరూ చూడలేదని, కానిస్టేబుల్ చూశాడన్నది నేను కల్పించిన మాటని. మా ఆవిడ గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమెకూ అదే మొదటిసారి తెలియడం.

"తెలుసండి," అంది దీవెనమ్మ. "మొదటి రోజే మీ మొఖం చూస్తే తెలిసింది. కాకపోతే మీరు అనాలిగా." సంచి చేతిలోకి తీసుకుని, "ఎవరూ చూడలేదంటే ఇంక మొదట్నుంచీ ఎతకొచ్చు. రేపు ఎన్నింటికి బయల్దేరదాం?" అంది.

నేను క్షమాపణ కోసం మాటలు వెతుక్కుంటున్నాను. ఆమె బస్సు టైము అడుగుతోంది.

అడగడం తెలిసిన మనిషి

ముప్పై ఏళ్లకు పైగా రిపోర్టింగ్ చేశాను. ప్రశ్నలడగడం నా వృత్తి అనుకునేవాణ్ణి. దీవెనమ్మతో నాలుగు నెలలు తిరిగాక నాకు ఆ భ్రమ పోయింది.

మనం సాధారణంగా "ఆ అమ్మాయిని చూశారా?" అని మొదలుపెడతాం. ఎదుటివాడు చూశానంటాడు, లేదా చూడలేదంటాడు. రెండూ నమ్మలేం. ఆమె అలా అడగదు. ఆ వేసవిలో మీరెక్కడుండేవాళ్లు? అప్పుడు మీ కొట్టుకు తలుపు ఎటు వైపు? పక్క కొట్టు ఎవరిది? ఇలా అడిగి, ఆ మనిషిని ముందు ఆ రోజుల్లోకి తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. ఆ తర్వాత ఊరుకుంటుంది. ఆమె ఊరుకుంటే ఎదుటివాళ్లే చెబుతారు.

కరుణ ఆ ఉదయం జగ్గయ్యపేట బస్టాండు దగ్గర ఒక కొట్టులో దారం రీళ్లు, లైనింగ్ గుడ్డ కొన్నదని, బాగానే ఉందని, నవ్వుతూనే మాట్లాడిందని అప్పట్లోనే, మాయమైన మర్నాడే, దీవెనమ్మ తెలుసుకుంది. పోలీసులు ఆ కొట్టుకు వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. స్టేషన్ నుంచి ఆ కొట్టుకు నడిచి పది నిమిషాలు.

ఆమె చెప్పగా వెతికి పట్టుకున్న మనిషి బాబూరావు గారు. ఆ రోజుల్లో ఆ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు నందిగామలో కొడుకు దగ్గర ఉంటున్నారు. మేం వెళ్తే ఆయన గుర్తులేదని చెప్పి పంపేస్తారనుకున్నాను. పెన్షన్ మీద బతుకుతున్న మనిషి అంత పాత సంగతి ఎందుకు కదుపుతాడు? ఆయన మాత్రం మమ్మల్ని కూర్చోబెట్టి, టీవీ కట్టేయించి, మొత్తం చెప్పారు.

"పిల్ల కనపడట్లేదని మీ నాయన కాగితం ఇచ్చాక నాలుగు రోజులకో ఏమో, సెట్టులో మెసేజ్ వచ్చిందమ్మా." సెట్టంటే స్టేషన్లలో ఉండే వైర్‌లెస్. "గుర్తు తెలియని ఆడమనిషి శవం, ఇరవై పాతికేళ్లు, ఆకుపచ్చ చీర అని. నేనే రాసుకున్నా. ఎస్సై గారికి చెప్పా. సార్, మొన్న కాగితమిచ్చినోళ్ల పిల్లది కూడా ఆకుపచ్చ చీరే సార్ అని."

"ఏమన్నాడండి?" అని నేనడిగాను.

"పేపరు నా మొఖాన కొట్టాడు. ఆ పిల్ల హైదరాబాద్‌లో సినిమాలు చూస్తంటే నువ్వు శవాలంటావేందయ్యా అన్నాడు." బాబూరావు గారు నావైపు చూశారు. "మీరు రాసిందే. హెడ్డింగు కూడా నాకు గుర్తుంది."

నేను తలదించుకున్నాను.

"నేను నోరు మూసుకున్నా," అన్నారాయన. "సెలవు పెట్టి ఒక్కణ్ణే పోయి చూసొచ్చుంటే అయిపోయేది. రెండు నెలలకు ట్రాన్స్‌ఫరొచ్చింది. పోయా. మీరు ఎప్పుడన్నా ఇది రాస్తే నా పేరు పెట్టి రాయండి. ఒక హెడ్ కానిస్టేబుల్ అని రాయొద్దు."

అందుకే రాశాను. తమ తప్పును తమ పేరుతో రాయమన్న మనిషి నా ఉద్యోగ జీవితంలో ఆయనొక్కడే.

దీవెనమ్మ ఆయన్ని ఎందుకు వెళ్లలేదని అడగలేదు. "ఆ సెట్టులో ఊరి పేరేమన్నా చెప్పారాండి?" అని అడిగింది.

"కోదాడ వైపు. సాగర్ కాలవ. అంతే గుర్తుంది."

గేటు దాటేటప్పుడు వెనక్కి తిరిగింది. "మిమ్మల్ని తిట్టాలనే ఉందండి. రేపు ఇంకేదన్నా గుర్తొస్తే చెప్పరేమోనని ఆగుతున్నా."

బాబూరావు గారు చాలారోజుల తర్వాత నవ్వినవాడిలా నవ్వారు. "గుర్తొచ్చినా రాకపోయినా రామ్మా. వచ్చి తిట్టి పో," అన్నారు.

మా మధ్య గీత

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఫోన్లో ఏ ఊరి వార్తయినా ఏ ఊళ్లోనైనా కనిపిస్తున్న ఈ రోజుల్లో ఇది నమ్మబుద్ధి కాదు.

జిల్లా అనుబంధాలు వచ్చిన కొత్తలో మేమంతా పొంగిపోయాం. మన ఊరి వార్త కోసం ఎనిమిది పేజీలు. కరెంటు పోయినా వార్తే, బోరు చెడినా వార్తే. కానీ అప్పుడు జగ్గయ్యపేట కృష్ణా జిల్లా. పక్కనే ఉన్న కోదాడ నల్లగొండ జిల్లా. అక్కడి వార్తలు వాళ్ల అనుబంధంలో వస్తాయి, మావి మా అనుబంధంలో. మెయిన్ పేపర్లోకి ఎక్కేంత పెద్ద వార్త కాకపోతే, అవతలి సంగతి మాకు తెలియదు. అవతల మిరప రేటు తెలుసు, పెళ్లి సంబంధాలు తెలుసు, ఏ డాక్టరు మంచివాడో తెలుసు. వార్త మాత్రం తెలియదు. మాదే పత్రిక, అదే మిషను మీద అచ్చయిన కాగితమే, కట్ట మాత్రం మరో బస్సెక్కేది.

గుర్తు తెలియని శవాల వార్త వేసేదే ఎవరైనా గుర్తుపడతారని. అది చనిపోయిన మనిషి ఊరికి చేరకపోతే ఎందుకు వేసినట్టు? అన్నేళ్లలో ఈ ప్రశ్న మా సమావేశాల్లో ఒక్కసారి కూడా ఎవరూ లేవదీయలేదు. నేనూ లేవదీయలేదు.

ఆ పాత అనుబంధాలు ఆఫీసులో లేవు. లైబ్రరీల్లో మెయిన్ పేపర్లే ఉంటాయి, అనుబంధాలు తూకానికి పోతాయి. అప్పట్లో కోదాడ కంట్రిబ్యూటర్ ఎవరని కనుక్కుంటే జానయ్య గారి పేరు చెప్పారు. ఆయనకు ఫొటో స్టూడియో ఉండేది. తాను రాసిన ప్రతి వార్తనూ కత్తిరించి నోట్‌బుక్కుల్లో అంటించుకునే అలవాటుందని విని ఫోన్ చేశాను.

"ఉన్నయ్. ఎలకలు తిన్నయ్ పోను ఉన్నయ్," అన్నారు. "రండ్రి. మీ పేట దిక్కు నుంచి నా వార్తల కోసం ఒకలు రావుడు ఇదే మొదలు."

అవి వెతకడానికి మాకు రెండు పూటలు పట్టింది. రెండో పూట ఆ ఒంటి కాలమ్ వార్త దొరికింది. మొదట్లో చెప్పింది దాని గురించే.

జానయ్య గారు చూసింది

శవాల ఫొటోలు తీయడానికి పోలీసులు స్టూడియో వాళ్లను పిలవడం అప్పటి పద్ధతి. అలా ఆ రోజు జానయ్య గారు కాలువ గట్టు మీదికి కెమెరాతో వెళ్లారు. ఫొటో తీశాక వార్త కూడా తనే రాసుకున్నారు. ఫొటో ఇప్పుడు లేదు. స్టూడియో చేతులు మారినప్పుడు నెగటివ్‌ల పెట్టెలు పోయాయి. అనుబంధంలో అచ్చయిన బొమ్మ ఒట్టి సిరా మరక.

ఆ వార్తను నేను చాలాసార్లు చదివాను. అందులో ఒక్క ఊహ లేదు. ప్రేమ విఫలం అనలేదు, కుటుంబ కలహాలు అనలేదు. ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారనేది తెలియలేదని, చూసినవారు లేరని రాశారు. ఈ రెండు వాక్యాలు రాయడానికి నేనైతే సిగ్గుపడేవాణ్ణి. ఏమీ తెలుసుకోకుండా వచ్చాడంటారని.

"గుండీల సంగతి ఎందుకు రాశారండి?" అని అడిగాను.

"మొఖం ఉబ్బింది. మొఖం రాస్తే ఎవలు గుర్తువడ్తరు? చీరెలు అందరికీ ఉంటయ్. ఈ గుండీలు యాడ జూళ్లే. ఇంట్లోళ్లు జూస్తే గుర్తువడ్తరని రాసిన. డెస్కు సారు జాగ లేదని కొట్టేస్తుంటే ఫోన్‌ల లొల్లి వెట్టుకున్న. ఏమన్న తియ్యి, గుండీలు తియ్యకన్న."

ఆ గుండీల కథ దీవెనమ్మ చెప్పింది. మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్లకు వంగినప్పుడల్లా హుక్కులు ఊడి గుచ్చుకుంటాయని కరుణ ప్రెస్ బటన్లు కుట్టేది. అడుగున మాత్రం బిగువుకు అవి నిలవవని చొక్కా గుండీ వేసేది. చుట్టుపక్కల ఇంకెవరూ అలా కుట్టరు.

జానయ్య గారు చెబుతున్నంతసేపూ నేను ఇద్దరు కంట్రిబ్యూటర్ల గురించి ఆలోచిస్తున్నాను. ఒకే పత్రిక, ఒకే వారం, ఒకే అమ్మాయి. ఒకడు చూడనిది రాశాడు, ఇంకొకడు చూసినంతే రాశాడు. పదిమంది చదివింది మొదటిది. పనికొచ్చింది రెండోది.

మళ్లీ రాయడం

ఆ తర్వాత మామూలుగా చేయాల్సినవన్నీ చేశాం. రెండు వైపులా ఇప్పటి పోలీసు అధికారులు మర్యాదగా విన్నారు, రికార్డు గదులు వెతికించారు. ఆనాటి ఫైళ్లు లేవు. దిక్కులేని శవాలను పూడ్చే చోటేదో తెలిసింది కానీ, అందులో ఆమెను ఎక్కడ పెట్టారో చెప్పేవాళ్లు లేరు. కరుణ అలాంటి జాకెట్లు ఊళ్లో ఇంకా ఎంతోమందికి కుట్టింది కదా అన్న అనుమానం కూడా మాకొచ్చింది. దీవెనమ్మ ఇల్లిల్లూ తిరిగి చూసొచ్చింది. ఆ జాకెట్లు తొడుక్కున్న ఆడవాళ్లలో ఆ రోజుల్లో మాయమైనవాళ్లు ఎవరూ లేరు.

"ఇంక పేపర్లో రాయండి," అంది. "అప్పుడు ఏ పేపర్లో వచ్చిందో దాంట్లోనే రావాలి. మా చెల్లి ఎవరితోనూ పోలేదని రావాలి. అది చూపిస్తే పాస్టరు గారు కూడిక పెడతానన్నారు."

ఆమె ముప్పై ఏళ్లకు పైగా ఎదురుచూసింది ఇదొక్కదానికే. నేను రాసిచ్చేస్తే అయిపోతుంది. ఒక అబద్ధంతో చెడిన పేరును ఇంకో మంచి మాటతో కడిగేయొచ్చు. నాకు రాయబుద్ధయింది కూడా. రెండు రోజులు కాగితం ముందు కూర్చుని, మూడో రోజు ఆమె దగ్గరికి వెళ్లాను.

"అమ్మా, కాలవ నీళ్లు కోదాడ నుంచి మన వైపు పారతాయి. మన వైపు పడ్డ మనిషి అక్కడ తేలదు. అంటే కరుణ కోదాడ వైపు వెళ్లాకే నీళ్లలో పడింది. తనంతట తనే వెళ్లిందో, తోడెవరన్నా ఉన్నారో, ఎవరన్నా తీసుకెళ్లారో నాకు తెలియదు. ఎవరితోనూ పోలేదని రాస్తే అది మళ్లీ నేను చూడందే."

దీవెనమ్మ అంగన్‌వాడీ గుమ్మంలో కూర్చుని ఉంది. రిటైరైనా పొద్దున పూట వెళ్లి పిల్లలకు అన్నం పెట్టొస్తుంది. లోపల పిల్లలు పళ్లేలు మోగిస్తున్నారు. ఆమె తల తిప్పి వాళ్లనే చూసింది. కోపం వచ్చిందనుకున్నాను.

"కాలవ సంగతి నాకూ తట్టిందండి," అంది చివరికి. "మీరు చెప్తారా, మింగుతారా అని చూస్తన్నా."

"మరి ఎట్టా రాయమంటావు?"

"తెలిసింది తెలిసిందని రాయండి. తెలియంది తెలియదని రాయండి. అప్పుడే అట్టా రాసుంటే మా నాన్న ముందు వరసలోనే కూర్చునేవాడు."

లోపల ఎవరో పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు. ఆమె లేచి వెళ్లిపోయింది.

అలాగే రాశాను. మొదటి వార్తలో బస్సెక్కినట్లు రాసింది కల్పన అని, దాన్ని చూసినవారు లేరని, రాసింది నేనేనని, నా పేరుతో. ఇప్పటి ఎడిషన్ ఇన్‌ఛార్జి నాకంటే ముప్పై ఏళ్లు చిన్న. చదివి, "సార్, ఇంత పాతదానికి సవరణ ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు," అన్నాడు. "అందుకే వెయ్యి," అన్నాను. ఇప్పుడు రెండు వైపులా రెండు రాష్ట్రాలు. రెండు చోట్లా వేయమని అడిగాను. వేశాడు. మూర్తి గారు లేరు, ఉండుంటే ఫోన్ చేసి ఇంకో ప్రశ్న అడిగేవారు.

వార్త వచ్చిన తర్వాతి ఆదివారం సాయంత్రం ఆ ఊరి చర్చిలో కరుణకు జ్ఞాపకార్థ కూడిక జరిగింది. జానయ్య గారు కోదాడ నుంచి బస్సులో వచ్చారు. బాబూరావు గారు కొడుకు బండి మీద వచ్చి తలుపు దగ్గర నిలబడితే, దీవెనమ్మ వెళ్లి చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది. కరపత్రం మీద ఏ తేదీ వేయాలని పాస్టరు గారు అడిగితే, ఇంట్లోంచి బయల్దేరిన తేదీ వేయమంది.

చనిపోయిన తేదీ ఎవరికీ తెలియదు. ఆమె ఇల్లు వదిలిన అయిదో రోజున శవం దొరికింది. నీళ్లలో పడి రెండు రోజులై ఉంటుందని అప్పటి డాక్టరు అన్నట్టు జానయ్య గారి వార్త చివర్లో ఉంది. నా వార్త అచ్చయింది మూడో రోజు ఉదయం. డాక్టరు లెక్క సరైనదైతే ఆ ఉదయం కరుణ ఎక్కడో ఇంకా బతికే ఉండొచ్చు. ఎక్కడ ఉందో ఇంతవరకూ తెలియలేదు.